అడుగు ముద్ద

"పెట్టేలాగా పెడితే తినకుండా యాడికి పోతాది? మనసులేని చేయి ఏదో, మనసున్న చేయి ఏదో ముసలోళ్లకు తెలియదనుకుంటాండావా?"

ఆ మాట అని, తిన్న కంచంలోనే చేయి కడుక్కుని, రఘునాథ్ పట్టుపురుగుల షెడ్డుకు పోయాడు. అతని పెళ్లాం నాగలక్ష్మి ఆ కంచం ఎత్తింది. దాని పక్కన ఇంకో కంచం ఉంది. అందులో రాగిముద్ద పైన పొర కట్టి, ఎండిన చెరువు నేలలా నెర్రెలు విచ్చింది. వేలి ముద్ర కూడా పడలేదు. అతని తల్లి సిద్ధమ్మ కూడు మానేసి ఆ పొద్దుకు తొమ్మిది దినాలు. మజ్జిగ రెండు గుటకలు, ఎప్పుడైనా ఒక అరటిపండు ముక్క, అంతే. ఆ తొమ్మిది దినాల్లో రఘునాథ్ అమ్మ ముందు కూర్చున్నది రెండుసార్లు. పట్టుపురుగులకు మాత్రం పూటకింత అని మల్బరీ ఆకు తప్పలేదు. ఏ తట్టలో పురుగు ఆకు ముట్టలేదో, ఎందుకు ముట్టలేదో అతనికి చూస్తూనే తెలుస్తుంది. అమ్మ ఎందుకు ముట్టలేదో మాత్రం పెళ్లాన్ని అడగాలి. అడిగి, జవాబు కూడా తానే చెప్పుకోవాలి.

రొద్దం దగ్గరి ఆ పల్లెలో సిద్ధమ్మ అంటే ఒకప్పుడు ఎద్దులు కూడా పక్కకు తప్పుకునే మనిషి. మూడేళ్ల కిందట మొదట చారులో ఉప్పు మర్చిపోయింది. తర్వాత చేనికి పోయి ఇంటి దోవ మర్చిపోయింది. ఆ తర్వాత ఒకనాడు కొడుకును తేరిపార చూసి, "ఎవరబ్బా నువ్వు, పట్టుగూళ్ల బేరానికి వచ్చినావా? మా ఇంటాయన లేడు, రేపు రా," అని పంపేయబోయింది. రఘునాథ్ నవ్వాడు, ఇంటి బయటికి పోయి ఏడ్చాడు. మొలలో బీగాల గుత్తి తీసేశారు. పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. ఒంటేలు, రెండేలు ఎక్కడంటే అక్కడయ్యాయి. హిందూపురం గూళ్ల మార్కెట్లో ఎవరైనా అడిగితే రఘునాథ్, "మా అమ్మను మేమే చూసుకుంటాండాం, ఎవరి మీదా వెయ్యలేదు," అని చెప్పేవాడు. ఆ 'మేమే'లో పక్కబట్టలు ఉతికే చేతులు రెండే రెండు. అంగన్వాడీలో ఆయా పని దొరికితే దాన్నీ వదులుకున్న చేతులు అవి. "ఊర్లో పిల్లోళ్ల ముడ్డి కడిగేదానికి పోతావా, ఇంట్లో ముసలామెను వదిలేసి?" అన్నాడప్పుడు. కడగడం ఎలాగూ తప్పదు, జీతం మాత్రం తప్పిపోయింది.

తొమ్మిదో దినం మధ్యాహ్నం ఆటో మాట్లాడుకుని హిందూపురం తీసుకుపోయారు. అక్కడి డాక్టరు ముసలామెను తూకం మిషన్ మీద నిలబెడితే ముప్పై మూడు కిలోలు చూపించింది. మెదడు కుంచించుకుపోయే జబ్బు, వెనక్కి తిరగదు అన్నాడు. "ఆమెకు అన్నీ గుర్తు చేస్తూ ఉండండి. సోమవారం దాకా చూద్దాం. తినకపోతే ముక్కులో ట్యూబు వేసి, రెండు గంటలకొకసారి పాలు, జావ పొయ్యాలి. వీళ్లు దాన్ని పీకేసుకుంటారు. చేతులు కట్టాల్సి రావచ్చు."

"కట్టేద్దాం సార్," అన్నాడు రఘునాథ్, ఆలస్యం లేకుండా. "అప్పటికి మా పురుగు కూడా గూడు కట్టేదానికెక్కుతాది. తీరిక ఉంటాది."

ఎవరి తీరిక అని నాగలక్ష్మి అడగలేదు. ఆటోలో తిరిగొచ్చేటప్పుడు ముసలామె తల ఆమె భుజం మీద వాలి, కొబ్బరి చిప్పంత బరువుతో అటూ ఇటూ దొర్లుతోంది. సిద్ధమ్మ చస్తుందని నాగలక్ష్మికి భయంగానే ఉంది. "కోడలు కడుపు మాడ్చి చంపింది" అని ఊరు అంటుందనే భయం ఇంకా ఎక్కువగా ఉంది. ఈ రెండు భయాల కిందా ఇంకొకటి ఉంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. కంచం నిండుగా తిరిగొచ్చిన ప్రతిసారీ ఆమె లోపల ఏదో ఒక మూల 'తిక్క కుదిరిందిలే' అని అనుకుంటోంది.

ఎందుకంటే ఆ ఇంటికి ఒక పద్ధతి ఉండేది. సంగటి కెలకడం కోడలి పని. ముద్దలు చేయడం అత్త పని. మొదట మగోళ్ల ముద్దలు, తర్వాత పిల్లోళ్లవి, తర్వాత సేద్యగానిది, తర్వాత అత్తది. చివరికి కుండ గీకి, మాడుతో సహా తట్టేది అడుగు ముద్ద, కోడలిది. అది కంచంలో పడితే సరిపోదు, అత్త నోటితో చెప్పాలి. "కూసోని మింగు" అనే మాట వచ్చేదాకా కోడలు వంటింటి వాకిలి దగ్గర కొంగు కప్పుకుని నిలబడాలి. సిద్ధమ్మకు ఆ పద్ధతి నేర్పింది ఆమె అత్త ముత్యాలమ్మ. నాగలక్ష్మి కాపురానికి రాకముందే ఆమె పోయింది. "మా అత్త పులి. నీకి దొరికింది నేను, పిల్లిని," అని సిద్ధమ్మ గొప్పగా చెప్పేది. నాగలక్ష్మి ఏడో నెల కడుపుతో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆ 'పిల్లి' పొరుగింటికి పోయి మాటల్లో పడి మూడైనా రాలేదు. నిలబడి నిలబడి కళ్లు తిరిగితే నాగలక్ష్మి ముద్దలో చిన్న తునక తుంచి నోట్లో వేసుకుంది. అప్పుడే వచ్చిన సిద్ధమ్మ ముద్ద మీద గుంత చూసింది. ఒక్క మాట అనలేదు. కంచం తీసుకుపోయి కుడితి తొట్టిలో బోర్లించింది. తర్వాత అంది, "మూతి కట్టుకోలేనిది సంసారమేం కడతాది?" పక్కనే పగ్గం పేనుతున్న రఘునాథ్ తల ఎత్తకుండా అన్నాడు, "అమ్మ చెప్పేదాకా ఆగలేకపోయినావా?"

ఏడేళ్ల కిందట సిద్ధమ్మ చేతులు వణకడం మొదలై ముద్దలు చేయడం నాగలక్ష్మి చేతికొచ్చింది. పద్ధతి చావలేదు, పెద్దరికం అలిసిపోయిందంతే. చెప్పే మనిషి లేకున్నా నాగలక్ష్మి ఇప్పటికీ అందరూ తిన్నాకే తింటుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను అడుక్కోలేదు.

హిందూపురం నుంచి వచ్చిన మరునాడు, సంగటి దించి చూస్తే సిద్ధమ్మ వంటింటి వాకిలికి ఆనుకుని నిలబడి ఉంది. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. మోకాళ్లు వణుకుతున్నాయి. ఈ పదిదినాలుగా రోజూ ఇంతే. నాగలక్ష్మి తీసుకుపోయి కూర్చోబెట్టడం, ఆమె మళ్లీ వచ్చి నిలబడటం. ముసలి మతి కదా అని అనుకుందే తప్ప ఎందుకు నిలబడుతుందో ఎవరూ అడగలేదు.

"కూసో అత్తా, పడతావు."

సిద్ధమ్మ గొంతు తగ్గించి అడిగింది, "మా అత్త తినిందా?"

"మళ్లా ఏ అత్త?"

"మా అత్త. చేని కాడ్నుంచి ఇంకా రాలేదా? నేను వచ్చినప్పట్నుంచీ నిలబడే ఉండా, చెప్పు ఆమెకు. దేన్నీ ముట్టలేదు."

గుర్తు చేయమన్నాడు కదా డాక్టరు. నాగలక్ష్మి చెప్పింది, "మీ అత్త యాడుండాదత్తా, ఆమె పోయి ముప్పై ఏండ్ల పైనే ఆయె."

సిద్ధమ్మ నోరు తెరుచుకుని చూసింది. తర్వాత ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. "అయ్యో, ఎప్పుడు పోయింది! నాకెవరూ చెప్పలేదే!" అని గుండెలు బాదుకుంది. ఏడ్చి ఏడ్చి, కొంగుతో ముక్కు తుడుచుకుని, భయంగా అడిగింది, "మరి నాకి ఇంక ముద్ద ఎవరు పెడతారు?"

ఆ దినం మజ్జిగ కూడా ముట్టలేదు. "చావింట్లో తింటారా?" అని మూతి తిప్పేసింది. సాయంత్రానికి చావు మర్చిపోయింది, మళ్లీ వచ్చి వాకిలి పట్టుకుని నిలబడింది. అప్పుడు నాగలక్ష్మికి అర్థమైంది. అంతకుముందు వారం రఘునాథ్ రెండుసార్లు, "ఏ అత్త అమ్మా, ఆమె ఎప్పుడో పోయింది గదా," అని విసుక్కున్నాడు. తాను ఎన్నిసార్లు అందో లెక్క లేదు. ముసలామె ఆకలితో వచ్చి నిలబడిన ప్రతిసారీ వీళ్లు ఆమెకు ఒక చావు కబురు చెప్పి పంపుతున్నారు. అత్త బతికి ఉంటే ఆమె చెప్పేదాకా తినకూడదు, చచ్చిపోతే మైల కాబట్టి తినకూడదు. పదిదినాలుగా సిద్ధమ్మ ఈ రెంటి మధ్య నిలబడి ఎండిపోతోంది.

నాగలక్ష్మి కంచం ముందు పెట్టి మెల్లగా అంది, "మీ అత్త తినమని చెప్పింది. తిను."

సిద్ధమ్మ వారగా చూసింది. "ఆమె అట్ల చెప్పదు. నన్ను పరీక్ష చేస్తాండావు. నేను తింటానే నువ్వు పోయి చాడీ చెప్తావు."

"చెప్పను, తిను తల్లీ."

"తల్లీ అంటాండావే, ఇంకేం, ఇది పరీక్షే."

పదిదినాల ఉతుకుడు, పదిదినాల నింద, ఏడో నెల కడుపు, కుడితి తొట్టి, అన్నీ కలిసి ఎక్కడి నుంచి వచ్చాయో, నాగలక్ష్మి నోరు తెరిస్తే తన గొంతు కాని గొంతు వచ్చింది. "ఏమే! గుంజ మాదిరి నిలబడితే ఎవరు సూడాల నీ సోకు? కూసోని మింగు! తిన్యాక గిన్నెలన్నీ నీ నెత్తి మీదుండాయి!"

సిద్ధమ్మ చటుక్కున కూర్చుంది. కొంగు చాటు చేసుకుని, తల ఎత్తకుండా, గుటకలు గుటకలుగా ముద్ద మొత్తం మింగింది. గొంతులో అడ్డం పడితే గుండె మీద గుద్దుకుందే గాని నీళ్లు అడగలేదు. అడగకూడదు కదా. కంచం నాకి, వేళ్లు నాకి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది.

నాగలక్ష్మి వెనకింట్లోకి పోయి గోడకు ఆనుకుంది. తిన్నదన్న సంతోషం ఒకటి. దాని పక్కనే, ఇంకా పెద్దది, కారం తిన్నప్పుడు నాలుక మీద మండే తీపి లాంటిది ఇంకొకటి. అది ఏమిటో ఆమెకు తెలుసు. ఆ రాత్రి తనకు ముద్ద దిగలేదు.

రఘునాథ్ షెడ్డులో ఉన్న వేళ చూసి మూడు దినాలు అలాగే పెట్టింది. సిద్ధమ్మ కళ్లలోకి కాస్త జీవం తిరిగొచ్చింది. కానీ నాగలక్ష్మి తనను తాను గమనిస్తూనే ఉంది. ముసలామె కూర్చోవడానికి ఒక తిట్టు చాలు. తినడానికి రెండు. నాలుగోది, ఐదోది ఎవరికోసం? "మూతి కట్టుకోలేనిదానా" అన్న మాట అన్నప్పుడు సిద్ధమ్మ భుజాలు ముడుచుకుపోవడం చూసి, ఇంకొకసారి అన్నది ఎవరి ఆకలి తీరడానికి? పులి పోయి పిల్లి వచ్చిందనుకుంటే, పిల్లి పోయాక తానేం కాబోతోందో నాగలక్ష్మికి కనబడింది.

ఆదివారం మధ్యాహ్నం ధనలక్ష్మి వచ్చింది, రఘునాథ్ చెల్లెలు. ధర్మవరంలో మగ్గాలున్న ఇంటి కోడలు, చీరలు అమ్ముతుంది. సోమవారం అమ్మకు ట్యూబు వేస్తారని తెలిసి పరిగెత్తుకొచ్చింది. వాకిట్లో చెప్పులు విడుస్తుండగా లోపలి నుంచి వినబడింది, "మింగు, మూతి కాలినదానా, సూస్తావేం!"

"అన్నా! అన్నా, బిరీన రా!" ధనలక్ష్మి అరుపుకు రఘునాథ్ ఆకు గంప పడేసి వచ్చాడు. "సూడు, నీ పెండ్లాం మా అమ్మను ఏమంటాందో సూడు! వదినా, నువ్వు మనిషివేనా? అమ్మకు మతి లేదనే గదా ఇంత లెక్కలేనితనం? మతి ఉన్న కాలంలో అనింటే తెలిసేది."

"తిట్టినందుకే తింటాంది, ధనా. మూడు దినాలుగా."

"కతలు చెప్పొద్దు. ఇయ్యి నాకు, నేను పెడతా మా అమ్మకు."

కంచం లాక్కుని కూర్చుంది. బుజ్జగించింది, బతిమాలింది, పెదవుల దగ్గర ముద్ద పెట్టి ఏడ్చింది. సిద్ధమ్మ ఆమె కొత్త పట్టుచీర అంచు వేళ్లతో పట్టి చూసి, మర్యాదగా చెప్పింది, "ఎవరమ్మా నువ్వు, చీరలమ్మేదానివా? మా అత్త ఇంట్లో లేదు. నేను కొనేదానికి లేదు. మళ్లా రా." రఘునాథ్ వంగి, "అమ్మా, నేను చెప్తాండా, తినమ్మా," అన్నాడు. మగ గొంతు దగ్గరగా వినబడేసరికి సిద్ధమ్మ కొంగు మొహం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. పొద్దు వాలింది. ముద్ద అలాగే ఉంది.

"నువ్వేదో నేర్పినావు," అంది ధనలక్ష్మి, గొంతులో ఇదివరకటి బలం లేకుండా. "ఇంత పాడు మాటలు యాడ నేర్చుకున్యావు వదినా?"

నాగలక్ష్మి అప్పటిదాకా వాకిలి దగ్గర నిలబడే ఉంది. "ఈ ఇంట్లోనే. నేను కాపురానికొచ్చేటప్పటికి నీకి పద్నాలుగేండ్లు. రోజూ నువ్వు ఆడ కూసోని తినేదానివి, మీ అన్న ఈడ. నేను నిలబడుకున్న చోటు ఇదే. ఇవే మాటలు, ఒక్కటి మారలేదు. మీ అమ్మ నాకి అన్యాది, మీ అవ్వ మీ అమ్మకు అన్యాది. అప్పుడవి పాడు మాటలని నీకి తెలియలేదా, ధనా? నవ్వేదానివి గూడా."

ధనలక్ష్మి చీర కుచ్చెళ్లు సర్దుకుంది.

"పాత మాటలు ఇప్పుడెందుకు మే," అన్నాడు రఘునాథ్.

"పాతవి కాదప్పా. ఈ పొద్దు మీ అమ్మ ప్రాణం నిలబెడతాండేది అవే."

రఘునాథ్ తలొంచుకుని లెక్క వేసుకున్నాడు. రేపు ఆటో రావాలి, చేతులు కట్టాలి. తర్వాత తల ఎత్తి, పెద్దమనసు చేసుకున్నట్టు అన్నాడు, "సరే. ఎట్లనో ఒకట్ల తిననీ. నువ్వే తిట్టి పెట్టు. మేం వాకిట్లోకి పోతాం. మాకు వినపడకుంటే సాలు."

నాగలక్ష్మి మొగుణ్ణి చూసింది. పాతికేళ్లుగా తెలిసిన మొహమే. పగ్గం పేనుతూ తల ఎత్తనివాడు ఇప్పుడు తలుపు దగ్గరికి వేసుకుని వాకిట్లో కూర్చుంటాడు. తిట్టేది ఒక ఆడది, తిట్లు తినేది ఒక ఆడది. వాడికి అమ్మా దక్కుతుంది, చెవులూ దక్కుతాయి. ముత్యాలమ్మను పులిని చేసినప్పుడు కూడా ఈ ఇంటి మగవాళ్లు ఇలాగే వాకిట్లో కూర్చుని ఉంటారు.

"ఎవరూ యాడికీ పోవద్దు. గోడకు కూసోండి, ఇద్దరూ."

కొత్తగా ముద్ద చేసింది. కుండ అడుగు నుంచి కాదు, పైనుంచి, మెత్తటిది. కంచం నేల మీద పెట్టి, నడుం మీద చేతులు వేసుకుని నిలబడింది. ఆ గొంతునే తెచ్చుకుంది. కానీ తిట్టలేదు.

"ఏమే సిద్ధీ! ఇను. ఈ పొద్దు నుంచి ఈ ఇంట్లో కోడలే ముందు తింటాది. కడమోళ్లు ఆగుతారు. ఇది నా మాట."

సిద్ధమ్మ కొంగులోంచి చూసింది. పులి గొంతు పులి గొంతే, మాట మాత్రం ఎన్నడూ వినని మాట. ఆమె చూపు గోడకు కూర్చున్న రఘునాథ్ మీదికి పోయింది. "మగోళ్లు ఇంకా తినలేదు గదత్తా," అంది, అప్పుడే పెళ్లయిన పిల్ల గొంతుతో.

"ఆగుతారు. కావాలంటే ఆ మనిషినే అడుగు."

ధనలక్ష్మి మోచేత్తో అన్నను పొడిచింది. రఘునాథ్ గొంతు సవరించుకున్నాడు, మళ్లీ సవరించుకున్నాడు. "ఆగుతాం," అన్నాడు.

సిద్ధమ్మ మెల్లగా కూర్చుంది. ముద్దను రెండుగా తుంచింది. పెద్ద సగం కంచంలో అవతలి అంచుకు తోసి, తల ఎత్తి నాగలక్ష్మిని చూసింది. ఒక్క క్షణం కిందటి అత్త ఎవరో, ఇప్పుడు ఎదుట నిలబడిన ఆడది ఎవరో ఆ తలలో ముడిపడలేదు. ఆమెకు కనబడింది తనలాగే వాకిలి పట్టుకుని నిలబడిన ఇంకో కోడలు.

"నువ్వూ కూసో పాపా," అంది గుసగుసగా. "బిరీన తిను. ఆమె మళ్లా మాట మార్చేలోపల."

నాగలక్ష్మి కూర్చుంది. ఒకే కంచంలో ఇద్దరూ తిన్నారు. గోడకు కూర్చున్న ఇద్దరూ చూశారు.

సోమవారం ఆటో రాలేదు. సిద్ధమ్మ ఇంకో పంతొమ్మిది దినాలు బతికింది. తిన్నంత మాత్రాన జబ్బు వెనక్కి పోదు. మొదట ముద్ద, తర్వాత గంజి, చివరి దినాల్లో గంజిలో ముంచిన వేలు. మింగడం ఎలాగో గొంతు కూడా మర్చిపోయింది. ఒక పొద్దున గోడవైపు తిరిగినట్టే తిరిగి, మళ్లీ ఇటు తిరగలేదు. ఆ పంతొమ్మిది దినాలూ రఘునాథ్ ఆడవాళ్లు తిన్నాక తిన్నాడు. ఒక్కనాడూ సంతోషంగా తినలేదు. అయినా ఊర్లో కొందరు అననే అన్నారు, కోడలే కడుపు మాడ్చి చంపిందని.

సిద్ధమ్మ పోయిన పదకొండో దినం, దివసాల నాడు, పందిట్లో మగవాళ్ల పంక్తికి చాపలు పరిచారు. తెల్లవారకముందు నుంచీ వండుతున్న ఆడవాళ్లు చెమట తుడుచుకుంటూ పొయ్యిల పక్కన నిలబడ్డారు. మగవాళ్ల పంక్తులు మూడు లేచేదాకా వాళ్లకు విస్తరి పడదు. అందులో ఒకరికి చంటిబిడ్డ, ఒకరికి నిండునెలలు. నాగలక్ష్మి విస్తరాకుల కట్ట తీసుకుంది. పందిట్లోకి పోలేదు. వసారాలో వరసగా పదహారు ఆకులు పరిచి, అన్నం, పప్పు వడ్డించి, "రాండమ్మా, కూసోండి," అంది. ఎవరూ కదల్లేదు. అందరూ ఎవరి అత్త మొహం వాళ్లు చూశారు. నాగలక్ష్మే మొదటి ఆకు ముందు కూర్చుని అన్నం కలిపింది.

వాళ్ల వంశంలో అందరికంటే పెద్దది, పెద్దక్క అనే ముసలామె, చేతికట్టె పొడుచుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడింది. పందిట్లోంచి రఘునాథ్ చూశాడు, లేవబోయి, కూర్చున్నాడు.

"ఏమ్మే నాగలక్ష్మీ! మగోళ్ల పంక్తి లేయకముందే ఆడోళ్లు కూసుండేది ఏ ఊర్లో అన్నా ఉండాదా? ఎవరే నీకి తినమని చెప్పినోళ్లు?"

నాగలక్ష్మి నోట్లో ముద్ద నమిలి మింగింది.

"మా అత్త చెప్పింది."